ఇరవయ్యో తేదీకే నిండుకుంటున్న సరకులు
చీటీలో లేని కొనుగోళ్లతోనే ఇంటి బడ్జెట్‌కు చిల్లు

గుంటూరు: నెల మొదటి వారంలో పచారీ కొట్ల ముందు రద్దీ కనిపిస్తుంది. జీతం చేతికందిన కుటుంబాలు చీటీ పట్టుకుని వచ్చి బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, సబ్బులు ఒకేసారి కట్టించుకుని వెళతాయి. ఇరవయ్యో తేదీ దాటేసరికి అదే కొట్టు దగ్గర దృశ్యం మారిపోతుంది. అరకిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్టు, పావుకిలో పంచదార అంటూ విడివిడిగా అడిగేవారు, ‘ఖాతాలో రాసుకోండి’ అనేవారు ఎక్కువవుతారు. సరకులకు నెలకు ఇంతేనని గిరి గీసుకున్న ఇళ్లలోనూ ఈ పరిస్థితి తప్పడం లేదు. ధరలు మండిపోతున్నాయన్నది అందరూ చెప్పే కారణం. అందులో నిజం లేకపోలేదు. అయితే చీటీ రాసుకుని కొన్న వాటికన్నా, చీటీలో లేకుండా నెల పొడవునా కొనే వాటి వల్లే లెక్క ఎక్కువగా తప్పుతోంది.

బియ్యం కాదు.. చిరుతిండే

తిండికి అయ్యే ఖర్చు ఎంతన్నది అంచనా వేసేందుకు ప్రభుత్వ లెక్కలే ఆధారం. కేంద్ర గణాంక శాఖ 2023-24లో నిర్వహించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఒక్కో మనిషికి నెలకు సగటున 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182 రూపాయలు ఖర్చవుతోంది. తెలంగాణలో ఇది గ్రామాల్లో 5,435, పట్టణాల్లో 8,978 రూపాయలు. దేశం మొత్తం మీద చూస్తే గ్రామీణ కుటుంబాల ఖర్చులో 47 శాతం, పట్టణ కుటుంబాల ఖర్చులో సుమారు 40 శాతం ఆహారానికే పోతోంది. ఈ సగటును వర్తింపజేస్తే, ఆంధ్రప్రదేశ్ పల్లెలోని నలుగురు సభ్యుల ఇంట తిండికి నెలకు దాదాపు 10 వేల రూపాయలు అవుతుంది.

ఆ సర్వేలో గృహిణులు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆహార ఖర్చులో పెద్ద వాటా బియ్యం, గోధుమలది కాదు. ధాన్యాలకు అయ్యేది గ్రామాల్లో మొత్తం ఖర్చులో 5 శాతం మాత్రమే. పట్టణాల్లో అంతకన్నా తక్కువ. టీ, కాఫీ, శీతల పానీయాలు, బిస్కెట్లు, చిప్స్, బయటి టిఫిన్లు వంటివన్నీ కలిసిన పద్దుదే తిండి ఖర్చులో మొదటి స్థానం. గ్రామాల్లో ఇది మొత్తం ఖర్చులో 10 శాతానికి చేరువైతే, పట్టణాల్లో 11 శాతం దాటింది. బియ్యం బస్తా దగ్గర 50 రూపాయలకు గీచి గీచి బేరమాడే ఇంట్లోనే ఈ పద్దు లెక్కాపత్రం లేకుండా సాగిపోతుంటుంది.

కాగితం మీద వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. బయట కప్పు టీ 10 రూపాయలనుకుందాం. ఇంట్లో ఇద్దరు పనికి వెళ్లి రోజుకు రెండేసి టీలు తాగితే నెలకు 1,200. ఇద్దరు పిల్లలకు రోజుకో 10 రూపాయల ప్యాకెట్టు చొప్పున మరో 600. మొత్తం 1,800 రూపాయలు. ఏ చీటీలోనూ రాయని ఈ డబ్బు అదే ఇంటి నెల పాల ఖర్చును మించిపోతుంది. రోజుకు అర లీటరు ప్యాకెట్టు 30 రూపాయల లెక్కన కొన్నా పాలకు అయ్యేది 900 రూపాయలే మరి. టీ మానేయమని ఎవరూ చెప్పలేరు. పొలంలోనో, ఆటో స్టాండులోనో, దుకాణంలోనో రోజంతా పనిచేసే మనిషికి అదొక్కటే విశ్రాంతి. కానీ ఆ ఖర్చును కూడా బడ్జెట్‌లో రాసుకుంటేనే బడ్జెట్ నిలుస్తుంది. రాయనంత మాత్రాన ఖర్చు తప్పదు, పప్పుకు కేటాయించిన డబ్బే దానికి పోతుంది.

ఐదు వాటాలుగా..

సరకుల డబ్బు మొత్తాన్ని మొదటి వారంలోనే ఖర్చు చేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. 10 వేల రూపాయల బడ్జెట్‌నే తీసుకుంటే, దాన్ని విడదీసే తీరు ఇలా ఉండవచ్చు. బియ్యం, పప్పులు, నూనె, పోపు సామాన్లు, సబ్బులకు 4,600. పాలకు 900. కూరగాయలు, గుడ్లు, ఆదివారం మాంసానికి వారానికి 700 చొప్పున 3,000. ఏడాది సరకుల కోసం పక్కన పెట్టేది 700. మిగిలిన 800 ఎవరూ ముట్టుకోని సొమ్ము. ఇందులో బయటి టీలు, చిరుతిండి లేవు. వాటికి వేరే పద్దు ఉండాలి. ఇల్లు, ఊరు, అలవాట్లను బట్టి అంకెలు మారతాయి. ఇక్కడ ముఖ్యం విభజనే.

వారానికి 700 అయితే నెలకు 2,800 కదా, 3,000 ఎందుకన్న సందేహం రావచ్చు. నెలంటే నాలుగు వారాలన్న లెక్కే ఇళ్లను దెబ్బతీస్తోంది. ముప్పై రోజుల నెలలో నాలుగు వారాల మీద రెండు రోజులు, కొన్ని నెలల్లో మూడు రోజులు ఉంటాయి. జీతం రాకముందు చేయి ఆడని రోజులు సరిగ్గా అవే. 28వ తేదీ తర్వాత కొనాల్సిన కూరగాయలకు కూడా 1వ తేదీనే డబ్బు తీసి పెట్టుకున్న ఇంట్లో ఆ ఇబ్బంది ఉండదు.

ముట్టుకోని 800 రూపాయలు చుట్టాలు వచ్చినప్పటికీ, ఏదో ఒక సరకు ధర ఉన్నట్టుండి పెరిగినప్పటికీ ఉద్దేశించినవి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. పోపుల పెట్టె అడుగున, బియ్యం డబ్బాలో నోట్లు దాచిన పూర్వపు ఇల్లాళ్లు చేసింది ఇదే. ఫోన్‌తో చెల్లింపులు వచ్చాక ఆ అడ్డు తొలగిపోయింది. చేతిలో నోటు తరుగుతున్నట్లు కనిపిస్తే మనిషి ఆగుతాడు, ఫోన్‌లో అంకె తగ్గితే అంతగా పట్టించుకోడు. అయితే అదే ఫోన్‌లో నెల రోజుల చెల్లింపులన్నీ తేదీలతో సహా నమోదై ఉంటాయి. ఒక ఆదివారం కూర్చుని వాటిని చదివితే డబ్బు ఎటు పోతోందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొలిచి వండితేనే..

చీటీ రాయడానికి ముందు ఇంట్లో ఏ సరకు ఎంత ఖర్చవుతోందో తెలియాలి. సోల, గిద్దె కొలతలతో ఎసట్లో బియ్యం పోసిన రోజుల్లో ఈ లెక్క ఇల్లాలికి నోటికి వచ్చేది. ఇప్పుడు నూనె సీసా నేరుగా బాణలిలోకి వంగుతోంది. నూనె ప్యాకెట్టు విప్పిన తేదీని దాని మీదే పెన్నుతో రాయడం తేలికైన ఉపాయం. రెండు నెలలు అలా రాస్తే ఇంటి వాడకం తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2 వేల కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు చాలని సూచించింది. నలుగురికి నెలకు లెక్కిస్తే ధాన్యాలు 30 కిలోలు, నూనె 3 కిలోల 240 గ్రాములు అవుతాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి ఇది మూడున్నర లీటర్లకు సమానం. వయసు, చేసే పనిని బట్టి ఇందులో హెచ్చుతగ్గులు ఉంటాయి. నలుగురున్న ఇంట నెలకు అయిదారు లీటర్లు వాడుతుంటే మాత్రం తగ్గించుకునే వీలుంది. ఖర్చుతో పాటు ఆరోగ్యం కూడా కలిసి వచ్చే చోటు ఇదొక్కటే.

పప్పుల లెక్క ఇందుకు తలకిందులుగా ఉంటుంది. గుడ్లు, మాంసం ముట్టని ఇంట్లో ఆ 85 గ్రాములూ పప్పుల నుంచే రావాలంటే నలుగురికి నెలకు 10 కిలోలు కావాలి. అంత కొనే ఇళ్లు అరుదు. పైగా నెలాఖరులో డబ్బు చాలనప్పుడు మొదట తగ్గేవి పప్పు, పాలు, గుడ్లే. అన్నం ఆగదు, టీ ఆగదు. పప్పు పల్చబడి చారవుతుంది. చివర తినే ఇల్లాలి కంచంలోకి అదీ మిగలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా తేలింది. దీనికి కారణాలు అనేకం ఉన్నా, తిండి లోపం వాటిలో ప్రధానమైనది. అందువల్ల బడ్జెట్ బిగించేటప్పుడు ఏది తగ్గించకూడదో ముందే తేల్చుకోవడం అవసరం. పిల్లల పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు ఆ జాబితాలో ఉండాలి. మునగాకు, తోటకూర, గోంగూర వంటివి పెరటిలో నాలుగు మడులున్నా సాగుతాయి.

ఒక్క సరకు చాలు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏడాదిలో రెండు మూడుసార్లు ఏదో ఒక సరకు ధర ఇంటి లెక్కను తారుమారు చేస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలుకాగానే పొద్దుతిరుగుడు నూనెకు కటకట ఏర్పడింది. ఆ ఏడాది ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిలిపివేసి మేలో మళ్లీ అనుమతించింది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కావడంతో ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి పచారీ కొట్టును తాకింది. 2023 జులైలో టమాటా కిలో 100 రూపాయలు దాటి కొన్ని చోట్ల 150 కూడా మించింది. మదనపల్లె మార్కెట్‌లో రైతులు ఎన్నడూ చూడని ధర అది. గిట్టుబాటు కాక అదే టమాటాను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలూ ఆ ప్రాంతానికి కొత్త కాదు.

ఇలాంటి సమయంలో బడ్జెట్ పెంచడం కన్నా వంట మార్చడం మేలు. పులుపు కోసం టమాటాయే అక్కర్లేదు. చింతపండు, చింతచిగురు, గోంగూర, మామిడికాయ, మజ్జిగ తెలుగు వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నవే. కందిపప్పు ప్రియమైతే పెసరపప్పుతో పప్పు వండవచ్చు. వేరుసెనగ, నువ్వుల పొడులు అన్నంలోకి సరిపోతాయి. ధర పెరిగిన సరకును పూర్తిగా మానకుండా వారానికి ఒకసారికి పరిమితం చేసినా భారం దిగుతుంది. సాధారణంగా టమాటా ధర రెండు మూడు నెలల్లో దిగివస్తుంది, కంది ధర తగ్గాలంటే మాత్రం కొత్త పంట రావాల్సిందే.

1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో కూరగాయల ధరలు రోజూ బోర్డుపై రాసి పెడతారు. బజారుకు వెళ్లినా, ఇంటి ముందుకు వచ్చే తోపుడుబండి దగ్గర కొన్నా ఆ ధర తెలిసి ఉంటే బేరానికి ఆధారం దొరుకుతుంది. ఆటోకు 40 రూపాయలు ఖర్చు పెట్టుకుని వెళ్లి 30 రూపాయలు మిగుల్చుకోవడంలో మాత్రం అర్థం లేదు.

అదనులో కొంటే..

ఏడాది సరకులకు నెలనెలా 700 తీసి పెట్టడం వెనుక కారణం ఉంది. కంది డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మిర్చి జనవరి నుంచి ఏప్రిల్ వరకు, చింతపండు ఫిబ్రవరి నుంచి వేసవి దాకా మార్కెట్‌కు ముమ్మరంగా వస్తాయి. గుంటూరు యార్డుకు మిర్చి, దుగ్గిరాల, నిజామాబాద్‌లకు పసుపు వచ్చే కాలంలో కొని, ఎండబెట్టి, కారం పట్టించుకునే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. నాణ్యత చూసుకుని కొనవచ్చు, కల్తీ భయం ఉండదు. ఆవకాయ కూడా అంతే. ఏడాదికి సరిపడా జాడీ ఉన్న ఇంట్లో నెలాఖరులో కూర లేకపోయినా ముద్ద దిగుతుంది. కందిపప్పుకు ఆముదం పట్టించడం, బియ్యంలో వేపాకు వేయడం, డబ్బాలను ఎండలో పెట్టి తేమ పోగొట్టడం వంటి పాత జాగ్రత్తలు పాటించకపోతే పురుగు పట్టి అసలుకే మోసం వస్తుంది.

అప్పు చేసి ఏడాది సరకు కొనడం మాత్రం తగదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అదనులో కొనడం వల్ల మిగిలేది ఆ వడ్డీకే చాలదు.

రేషన్, బస్తా, ప్యాకెట్టు

జాతీయ ఆహార భద్రత చట్టం కింద కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల చొప్పున, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగా అందుతున్నాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి కావాల్సిన 30 కిలోల ధాన్యంలో 20 కిలోలో, 24 కిలోలో ఇలా సమకూరుతాయన్న మాట. దొడ్డుబియ్యం తినలేక దళారులకు అమ్మి, ఆ డబ్బుకు రెండు మూడింతలు కలిపి సన్నబియ్యం కొనే కుటుంబాలు ఉన్నాయి. రేషన్ బియ్యం అమ్మడం నేరమన్నది అటుంచితే, ఇంటి లెక్కలోనూ అది నష్టమే. ఇడ్లీ, దోసె పిండికి, రొట్టెలకు, పిండివంటలకు ఆ బియ్యమే వాడుకుంటే కొనే బస్తా మరికొన్ని రోజులు వస్తుంది.

బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడం వెనుక పన్ను సంగతి ఉంది. 25 కిలోల వరకు ముద్రతో అమ్మే బియ్యం, పప్పులు, పిండి ప్యాకెట్లపై 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. ఆపై బరువుకు అది వర్తించదు. కాబట్టి బస్తా ధర కాకుండా కిలో ధర లెక్కగట్టి పోల్చుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనెలపై పన్ను 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఈ సరకుల పద్దును అంతకుముందు రాసుకున్న ఇళ్లు దాన్ని ఓసారి సవరించుకోవచ్చు.

ధర పెంచకుండా ప్యాకెట్టులో గ్రాములు తగ్గించడం కంపెనీలకు అలవాటుగా మారింది. పాత ధరకే వస్తోందనుకున్న బిస్కెట్ల ప్యాకెట్టు రోజుకు బదులు పూటకే అయిపోతుంది. గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతోందో ప్యాకెట్లపై ముద్రించాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. అక్షరాలు చిన్నవే అయినా చదవాల్సింది అవే. నూనె ప్యాకెట్లలో లీటరుకు తక్కువ ఉన్నవీ లీటరు ప్యాకెట్టులాగే కనిపిస్తుంటాయి. అందుకే బరువు చూసి కొనాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న ప్రకటన చీటీలో ఉన్న సరకుకైతేనే లాభం.

కూలీల ఇంట లెక్కే వేరు

నెల జీతం ఉన్నవారికి చెప్పే ఈ సూత్రాలన్నీ రోజు కూలీకి పనికిరావు. ఏ రోజు కూలి ఆ రోజు చేతికి వచ్చే ఇంట్లో నెల చీటీ రాయడం సాధ్యం కాదు. చిన్న నూనె ప్యాకెట్టు, 50 గ్రాముల కారం, పావుకిలో పప్పు కొనుక్కోవాల్సి రావడంతో, కలిగినవారి కన్నా పేదలే గ్రాముకు ఎక్కువ చెల్లిస్తున్నారు. పనులున్న నెలల్లో ఖాతా తీర్చి, పనుల్లేని నెలల్లో మళ్లీ పెంచుకోవడం అక్కడ మామూలు. ఊళ్లో కొట్టువాడి ఖాతాను తప్పుపట్టడానికి వీల్లేదు. వానల్లో, జబ్బుల్లో ఇంటిని ఆదుకునేది అదే. కానీ అరువు మీద కొనేవారు ధర అడగడానికి మొహమాటపడతారు, తూకం చూడరు, వేరే కొట్టుకు పోలేరు.

ఇక్కడ నెలకు బదులు వారాన్ని లెక్కగా పెట్టుకోవడం నయం. వారపు సంత రోజు ఆ వారానికి పప్పు, నూనె కొని, మిగతావి రోజువారీగా తెచ్చుకోవచ్చు. నాలుగిళ్ల వారు కలిసి 15 కిలోల నూనె డబ్బానో, బియ్యం బస్తానో తెచ్చి పంచుకుంటే చిల్లర కొనుగోలు భారం కొంత తగ్గుతుంది. పొదుపు సంఘాల్లో నెలనెలా లెక్కలు రాసిన అనుభవం ఉన్న మహిళలకు ఇది కష్టమైన పని కాదు. సంఘం పుస్తకం రాసే చేత్తోనే కొట్టు ఖాతాకు ఇంట్లో మరో పుస్తకం పెట్టుకోవాలి. సరకు, తూకం, ధర, తేదీ అదే రోజు రాస్తే, నెల చివర రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఖాతా మొత్తం ఒక్కసారే తీర్చలేకపోయినా, కొత్త అరువు కన్నా కొంత ఎక్కువ కడుతూ పోతే అప్పు తరుగుతుంది.

తూకంలో తేడా ఉన్నా, ముద్రించిన గరిష్ఠ ధర కన్నా ఎక్కువ తీసుకున్నా తూనికలు, కొలతల శాఖకు గానీ, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. రేషన్ సరకుల విషయంలో అయితే 1967 నంబరుకు ఫోన్ చేయాలి. బిల్లు గానీ, ప్యాకెట్టు గానీ పారేయకుండా ఉంచుకోవడం అవసరం.